ఓర్చుకున్న సూది

బోధన్‌లో గోలీకి లేని మర్యాద సూదికి ఉంది. గోలీలు రాసిచ్చి పంపిన డాక్టరుకు ఏమీ రాదనుకుంటారు. సూది వేస్తే మంచి డాక్టరు, ఆ సూది కాస్త మండితే ఇంకా మంచి డాక్టరు. కనీజ్ కూడా ఈ ఊరి మనిషే, ఆమెకు వేరే తెలివి ఎక్కడి నుంచి వస్తుంది?

చెరకు లారీ నడిపిన భర్త అబ్బాస్ పోయాక కనీజ్‌కు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఉన్నదల్లా పక్కింటి రాధాబాయి అరుగు. పొద్దున వంట ముగించుకుని ఆడవాళ్లంతా అక్కడ చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. చేతులు తునికాకు మీద, నోళ్లు ఊరి మీద. ఎవరైనా వెనకబడితే పక్కవాళ్లు తమ బీడీలు కొన్ని ఆమె చాటలో వేస్తారు. వేసినవాళ్లు చెప్పరు, పుచ్చుకున్నవాళ్లు అడగరు. తిన్న అన్నం కన్నా ఆ అరుగు మీది మాటలే కనీజ్‌ను బతికిస్తున్నాయి.

నిరుడు ఆమె కుడి మణికట్టు సలపడం మొదలైంది. పడుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. రాధాబాయికీ అంతకుముందు అదే నొప్పి వచ్చి, నిజామాబాద్‌లో స్టెరాయిడ్ సూది వేయించుకుంటే తగ్గింది. అందుకని ఆమే దగ్గరుండి కనీజ్‌ను తీసుకెళ్లింది. చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు మెల్లగా నడిచింది, రాధాబాయి బోధ కూడా దారి పొడుగునా సాగింది.

"సూది దిగంగ వేళ్లల్లకు కరెంటు కొట్టినట్టయితది కనీజూ. నోరు మూసుకొని ఓర్సుకో. గప్పుడే మందు పట్టినట్టు."

డాక్టరు వేరే మాట చెప్పాడు. మణికట్టులో నరం ఉంటుంది, వేళ్లలోకి జుమ్మని పాకితే వెంటనే చెప్పాలి, సూది వెనక్కి తీస్తానన్నాడు. కనీజ్ తల ఊపింది. డాక్టరు చదువుకున్నవాడే, కానీ రాధాబాయి సూది వేయించుకున్న మనిషి. సూది దిగగానే బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా మంట దూసుకుపోయింది. కనీజ్ పళ్లు బిగపట్టి గోడ మీది క్యాలెండర్ చూసింది. ఏమైనా అనిపిస్తోందా అని డాక్టరు అడిగితే, ఏం లేదంది. మందు మొత్తం లోపలికి వెళ్లింది.

నొప్పి పోయింది. దాంతో పాటు ఆ వేళ్లలో స్పర్శ కూడా పోయింది. తర్వాత నరం పరీక్ష చేసినప్పుడు, సూది నరానికే తగిలినట్టుందని, స్పర్శ తిరిగి రావచ్చని, రాకపోనూవచ్చని చెప్పారు. కనీజ్ ఆ సంగతి అరుగు మీద చెప్పలేదు. చెబితే రాధాబాయి ఏమైపోతుంది? ఆ తర్వాత తనను ఆ అరుగు మీద ఎవరు కూర్చోనిస్తారు? ఆకు ఎంత బిగిసిందో వేళ్లకు తెలియక బీడీలు వదులుగా వచ్చేవి. ఒకరోజు కత్తెర ఎడమచేతికి మార్చుకుని, ఆకుతో పాటు కుడిచేతి వేలి కొస కూడా కత్తిరించుకుంది, చాటలో నెత్తురు చూసేదాకా తెలియనే లేదు. చూపు తగ్గిందని అబద్ధం చెప్పింది. అప్పటి నుంచి ఆమె చాటలో అందరికన్నా ఎక్కువ బీడీలు వేస్తున్నది రాధాబాయే. అంతమంది మధ్య కూర్చుని కనీజ్ ఒంటరిదైపోయింది.

మొన్న రాధాబాయి కోడలు నిఖిత మణికట్టు పట్టుకుని కూర్చుంది. రేపే నిజామాబాద్ పోదామంది అత్త. ఆ వెంటనే పాత పాఠం ఎత్తుకుంది. కరెంటు కొడుతుంది, ఓర్చుకోవాలి. నిఖిత బుద్ధిగా వింటోంది.

కనీజ్ కత్తెర కింద పెట్టింది. చెబితే ఈ అరుగు తనకు ఉండదు. చెప్పకపోతే ఆ పిల్ల చెయ్యి ఏమవుతుందో.

"ఓర్సుకోకు బిడ్డా," అంది. "జుమ్మంటే గప్పుడే డాక్టర్‌కు చెప్పు. నేను చెప్పలే. నా వేళ్లు సచ్చిపోయినయ్."

ఎడమచేత్తో కత్తెర తీసుకుని దాని మొన కుడిచేతి వేలి కొసకు గుచ్చి చూపించింది. ముఖంలో కదలికే లేదు. అరుగు మీద అందరి చేతులూ ఆగిపోయాయి. రాధాబాయి చాట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు కనీజ్ అరుగు మీదికి పోలేదు. తన గదిలోనే చాట పెట్టుకుని, పక్కింటి వైపు చెవి వేసి కూర్చుంది. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి, తను లేకుండానే. పొద్దు వాలుతుండగా రాధాబాయి వచ్చి గడప దగ్గర చతికిలబడింది. నిఖితకు సూది వేయించామని, జుమ్మనగానే చెప్పిందని, డాక్టరు సూది వెనక్కి తీసి మళ్లీ వేశాడని చెప్పింది. ఆ తర్వాత తల ఎత్తింది.

"నాకు కరెంటు కొట్టలే కనీజూ. చీమ కుట్టినట్టయింది, గంతే. కరెంటు కొట్టింది, ఓర్సుకున్న అంటే అందరు మెచ్చుకుంటరని గట్ల చెప్పిన."

కనీజ్‌కు ఒళ్లు మండిపోయింది. పొమ్మనాలనుకుంది. కానీ ఆ గడప దగ్గరికి వచ్చే మనిషి ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు. రాధాబాయి ఆమె కుడిచేతి వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది. ఈ మనిషి దూరం కాకూడదనే కనీజ్ ఇన్నాళ్లూ నోరు మూసుకుంది. ఇప్పుడు తన వేళ్లను పట్టుకున్న ఆ చేతులను చూస్తూ కూర్చుంది. పట్టుకుందని చూస్తేనే తెలుస్తోంది.