మొదటి గుక్క

నా నోరు మంచిది కాదని మా సంఘంలో అందరికీ తెలుసు. నా ఇస్త్రీ మంచిదని కూడా తెలుసు. అందుకే నోటిని భరిస్తారు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ దుప్పట్లూ నా కొట్టుకే వస్తున్నాయి. ఎవరి కాలరు లోపల ఎంత మురికి ఉంటుందో నాకు తెలిసినంతగా పాస్టరు గారికి కూడా తెలియదు.

మందిరంలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఉతికి గంజి పెట్టేది నేనే. ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం పోసే పాత్రను తోమేదీ నేనే. వెండిపూత పాత్ర, రెండు పిడులు, ఒకవైపు చిన్న సొట్ట. శుక్రవారం సాయంత్రం ఇంటికి తెచ్చుకుని తోమి, ఆదివారం పొద్దున్నే పట్టుకెళ్ళి పెడతాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. నెల మొదటి ఆదివారం అందరం ఒకే పాత్రలో తాగుతాం. కొత్తగా చేరినవాళ్ళుంటే ముందు వాళ్ళు తాగాలి. తరవాతే పాస్టరు గారితో సహా మిగతా అందరూ. దాన్ని మొదటి గుక్క అంటాం. యాభై ఏళ్ళ కిందట క్షయ ఆసుపత్రిలో రెండేళ్ళుండి నయమై వచ్చిన ఒకావిడ పక్కన ఎవరూ కూర్చోలేదట. అప్పటి పాస్టరు గారు పాత్ర తీసుకెళ్ళి ముందుగా ఆవిడ చేతిలో పెట్టి, "ఆవిడ తాగాక మనం తాగుదాం" అన్నారట. ఆవిడ ఇప్పటికీ ఉన్నారు. ముందు బెంచీలో కుడిచివర చోటు ఆవిడదే. ఎనభై దాటాయి, కళ్ళు మసక, చెవులు మందం. అందరం పెద్దమ్మగారు అంటాం.

ఆ పెద్దమ్మగారి కొడుకే మా సంఘం కార్యదర్శి. ఏ సంగతైనా కాగితం మీద పెట్టి నలుగురిలో చదివితే గానీ ఆయనకు తిన్నది అరగదు. అందుకని తీర్మానం గారు అని నేనే పేరు పెట్టాను, అదే స్థిరపడిపోయింది. పోయినేడాది ఆయన స్వాగత ప్రకటన అని ఒకటి రాశారు. "ఈ మందిరంలో ఎవరూ పరాయివారు కారు. వృత్తినిబట్టి గానీ, రూపాన్నిబట్టి గానీ, గతాన్నిబట్టి గానీ ఎవరినీ వేరుగా చూడము." దానికి ఫ్రేము కట్టించి గుమ్మం పక్కన తగిలించారు. ప్రతి ఆదివారం అందరం లేచి నిలబడి చదవాలి. చదివాం. అబద్ధమెందుకు, అందరికంటే గట్టిగా చదివింది నేనే.

ఇక మా తమ్ముడు. పెద్దాసుపత్రి శవాల గదిలో పద్నాలుగేళ్ళుగా వాడి పని. పోయినవాళ్ళకు స్నానం చేయిస్తాడు, తడి దూది పెట్టి కళ్ళు మూస్తాడు, గడ్డం కింద గుడ్డ కట్టి నోరు మూస్తాడు, తల దువ్వుతాడు. "ఇంటివాళ్ళు చూసేటప్పటికి మనిషి నిద్రపోతున్నట్టుండాలి అక్కా" అంటాడు. రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటాడో లెక్కలేదు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలిపోయి ఉంటుంది. ఎంత దూరంలో ఉన్నా ఆ ఆసుపత్రి సబ్బు వాసన వస్తుంది. అయినా మా వీధి కొట్టువాడు వాడికి చిల్లర చేతిలో పెట్టడు, బల్ల మీద పెడతాడు.

రెండేళ్ళ కిందట తీర్మానం గారి నాన్నగారు అదే ఆసుపత్రిలో పోయారు. ఆయన్ని తయారు చేసింది మా వాడే. ఆ రోజు తీర్మానం గారు మా వాడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. "మా నాన్న మొహంలో ప్రశాంతత తెప్పించావయ్యా, నీ రుణం తీర్చుకోలేను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

మా తమ్ముడు ఆదివారం నాతో వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. వరండాలో, చెప్పులు విడిచేచోట కిటికీ కింద కూర్చుని వినేవాడు. నేనెన్నిసార్లు తిట్టినా "ఇక్కడ గాలి బాగుందక్కా" అనేవాడు. ఒక రోజు ఇంటికి వస్తూ దారిలో ఆగాడు.

"అక్కా, ఆ ప్రకటనలో వృత్తినిబట్టి అని ఉంది కదా. అంటే అందులో నేను కూడా ఉన్నానా?"

"నువ్వు కాక ఇంకెవడ్రా! ఆ మాట రాసిందే నీలాంటివాళ్ళ కోసం."

"అయితే చేరతాను. మొదటి గుక్క నాకిస్తారంటావా?"

నలభై ఒక్క ఏళ్ళ మనిషి, పండక్కి బట్టలడిగే పిల్లాడిలా అడిగాడు. "ఇవ్వక చస్తారా" అన్నాను. ఆరు వారాలు పాస్టరు గారి దగ్గర పాఠాలకు వెళ్ళాడు. తెల్ల చొక్కా కొనుక్కున్నాడు. దానికి నేను పెట్టిన గంజి ఇంకెవరి చొక్కాకీ పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం బల్లగుడ్డ ఇవ్వడానికి మందిరానికి వెళ్ళాను. లోపలి గదిలో కొత్త అట్టపెట్టె ఉంది. తెరిచి చూస్తే అన్నీ బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులు. పక్కన వాటిని పేర్చడానికి రెండు పళ్ళాలు. పాస్టరు గారు కుర్రాయన, మంచివాడే, కానీ గట్టిగా దగ్గితే అదిరిపోయే రకం.

"ఇవెందుకండీ?" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలారు. "అదే అక్కా... ఆరోగ్యం కోసమని... కమిటీలో అనుకున్నారు. రేపటినుంచి ఎవరి కప్పు వాళ్ళకి."

"యాభై ఏళ్ళుగా లేని ఆరోగ్యం రేపు పొద్దున్నే పుట్టుకొచ్చిందా?"

అంతలో తీర్మానం గారు వచ్చారు. ఆయన్నీ అదే అడిగాను. ఆయన తొణకలేదు, బెణకలేదు. "చూడమ్మా, అందరికీ ఒకేరకం కప్పులే కదా! మీ తమ్ముడికీ అదే, నాకూ అదే. ఇందులో భేదం ఎక్కడుంది? పైగా మొదటి కప్పు అతనికే ఇస్తాం. పద్ధతి తప్పం."

ఆ మాటకు నా ఒళ్ళు భగ్గున మండింది. మొదటి గుక్క అంటే ముందు తాగడం కాదు, వాడు తాగినదాంట్లో మనం తాగడం. అది ఎగ్గొట్టడానికి ఎంత మర్యాదైన దారి కనిపెట్టారో చూడండి! వీళ్ళ మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. ఏదో ఒకటి అనబోయి నోరు మూసుకున్నాను. నాకు నోరు మూసుకోవడం చేతనవుతుందని ఆయనకు తెలియదు. పాత్ర నా ఇంట్లో ఉందన్న సంగతి అసలే గుర్తురాలేదు.

ఆ రాత్రి తమ్ముడికి ఏమీ చెప్పలేదు. వాడు చొక్కా హ్యాంగరుకు తగిలించి నాలుగుసార్లు చూసుకున్నాడు.

ఆదివారం పాత్రను బట్టల సంచిలో పెట్టుకుని వెళ్ళాను. లేచి ప్రకటన చదివారు. వృత్తినిబట్టి దగ్గర తీర్మానం గారి గొంతు కొంచెం కూడా తడబడలేదు. తరవాత పాస్టరు గారు మా తమ్ముణ్ణి ముందుకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరవాత పళ్ళెం ముందుకు చాపారు. "ఒకటి తీసుకో బ్రదర్" అన్నారు.

మా వాడు పళ్ళెం వంక చూశాడు. తరవాత బల్ల మీద పాత్ర కోసం వెతికాడు. లేదు. పద్నాలుగేళ్ళుగా జనం మొహాలు చదువుతున్నవాడు, వాడికి ఎవరూ వివరించక్కర్లేదు. చెవులదాకా ఎర్రబడ్డాడు. అయినా తలొంచుకుని చిన్న కప్పు కోసం చెయ్యి చాపాడు.

నేను లేచాను. సంచిలోంచి పాత్ర తీసి బల్ల మీద ఠంగున పెట్టాను. పళ్ళెం అందుకుని ఒక్కొక్క కప్పూ పాత్రలోకి వంపడం మొదలుపెట్టాను. వంపినప్పుడల్లా నా చేతిగాజులు గలగలమన్నాయి.

"ఏమిటమ్మా ఇది? ఆరాధన జరుగుతోంది, వెళ్ళి కూర్చో!" తీర్మానం గారు లేచారు.

"కూర్చుంటానండీ, ఒక్క మాట అడిగి కూర్చుంటాను. మీ నాన్నగారు పోయినప్పుడు గడ్డం కింద గుడ్డ కట్టి ఆయన నోరు మూసిందెవరు? ఈ చేతులు కాదా? వీటినే కదా మీరు కళ్ళకద్దుకున్నారు? చచ్చినవాళ్ళకి పనికొచ్చిన చెయ్యి బతికున్నవాళ్ళకి పనికిరాదా? ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?"

"అక్కా, వద్దే" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"నోర్ముయ్, తాగు."

పాత్ర వాడి చేతుల్లో పెట్టాను. వాడు కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. తాగి, పక్క బెంచీలో మొదట కూర్చున్నాయన వైపు పాత్ర చాపాడు. ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ పక్కాయన పాటల పుస్తకం తిరగేశాడు. బెంచీలన్నీ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాయి. ఒక్కళ్ళు కదిలితే ఒట్టు.

మా వాడు పాత్రను వెనక్కు తీసుకుని, కుడివైపు గోడకున్న కుళాయి దగ్గరికి నడిచాడు. "కడిగి తెస్తానక్కా. బాగా తోమి కడిగితే ఏమీ ఉండదు."

నా ప్రాణం ఉసూరుమంది. వాడు అవమానపడటం లేదు, వాళ్ళకు సాయం చేస్తున్నాడు! "కడిగావంటే చంపేస్తాను!" అని అరిచాను, ప్రభువు మందిరమని కూడా చూడకుండా.

"ఏమర్రా, పాత్ర ఆగిపోయిందేం?" అని పెద్దమ్మగారు గట్టిగా అడిగారు. మేం అనుకున్నవేవీ ఆవిడకు వినబడలేదు. కుళాయికి వెళ్ళే దారిలో ఆవిడ చోటు. తనను దాటి వెళుతున్న చొక్కా చెయ్యి చేతికందితే పట్టుకున్నారు. ఆ చేతిని దగ్గరికి లాక్కున్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఈ సబ్బు వాసన నాకు తెలుసు. ఆఖరి రోజు మా ఆయన దగ్గర ఇదే వాసన వచ్చింది. ఆయన్ని తయారుచేసింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

"కొత్తగా చేరింది నువ్వేనా? తాగావా?"

"తాగానమ్మా."

"మరి ఇటివ్వవేం? నీ తరవాత నేను."

రెండు పిడులూ పట్టుకుని పాత్ర ఎత్తి, ఒకటి కాదు, మూడు గుక్కలు తాగారు. మూతి తుడుచుకుని పక్కకు తిరిగి, "ఊఁ, తాగరా" అని పక్కనే మళ్ళీ కూలబడ్డ కొడుకు ముందు పాత్ర పెట్టారు.

తీర్మానం గారి పని కక్కలేక మింగలేక అన్నట్టయింది. పాత్ర అందుకున్నారు. జేబులోంచి తెల్ల రుమాలు తీశారు, నేను ఇస్త్రీ చేసిన రుమాలే. పాత్ర అంచు చుట్టూ ఒకసారి తుడిచారు. అటువైపు తిప్పి మళ్ళీ తుడిచారు. అప్పుడు తాగారు. తుడిచింది మా తమ్ముడి ఎంగిలి ఒక్కటే కాదు, కన్నతల్లి ఎంగిలి కూడా.

"తాగావా?" అన్నారు పెద్దమ్మగారు.

"తాగానమ్మా."

"నా తండ్రే" అని ఆవిడ కొడుకు మోకాలు నిమిరారు. ఆవిడకు కనబడదు. అది ఒక్కటే ఆ రోజు ఆవిడకు జరిగిన మేలు.

ఆయన తాగేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. పాత్ర చేతులు మారింది. పాత్రతో పాటు రుమాలు కూడా చేతులు మారింది! తుడవడం, తాగడం, రెండూ కలిపి పక్కవాళ్ళకివ్వడం. నేను అక్కడే నిలబడి ఒక్కొక్కరినీ చూశాను. నలభైమందిలో తుడవకుండా తాగినవాళ్ళు తొమ్మిదిమంది. మూడో బెంచీలో కూర్చునే కుట్టుపనావిడ రుమాలు తీసి కింద పడేసి తాగింది. ఆవిడ పక్కాయన వంగి దాన్ని ఏరుకున్నాడు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని తుడిచారు. ప్రార్థన చేస్తున్నారేమో మరి.

ఇంటికి వస్తూ తమ్ముడు అన్నాడు, "మొత్తానికి అందరూ తాగారక్కా."

"తుడిచి తాగారురా."

"చూశాను. నాకు కళ్ళు లేవా?" కొంచెం దూరం నడిచాక, "పెద్దమ్మగారు తుడవలేదు" అన్నాడు. నవ్వాడు కూడా. వాడు నవ్వినందుకు నాకు ఇంకా మండింది.

మంగళవారం తీర్మానం గారి బట్టల మూట నా కొట్టుకు వచ్చింది. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఆ రుమాలు. అంత మొండితనం ఉంటుందని నేనూ అనుకోలేదు, లేకపోతే మరిచిపోయి వేశారేమో. నిండా ద్రాక్షరసం మరకలు. ఆ మరక తీయడం నాకు ఎడమచేత్తో చేసే పని. తీయలేదు.

గురువారం ఆయనే వచ్చారు. చొక్కాలు లెక్క చూసుకుని, "రుమాలేదమ్మా?" అన్నారు.

కొట్టు ముందు స్తంభానికి మేకుంది. దానికి వేలాడదీసిన రుమాలు చూపించాను. మూలన నీలం దారంతో ఆయన పేరులో మొదటి అక్షరం కుట్టి ఉంది.

"ఉతకలేదేం?"

"ఎందుకండీ? వచ్చేనెల మళ్ళీ కావాలి కదా."

ఆయన చెయ్యి చాపలేదు. చొక్కాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పటికీ అది ఆ మేకుకే ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఎవరిదని అడుగుతారు, చెప్తాను. ఎందుకు ఉతకలేదని అడుగుతారు, అదీ చెప్తాను. తమ్ముడు రోజూ డ్యూటీకి వెళ్తూ దాని ముందు ఆగుతాడు. "తీసెయ్యవే అక్కా, బాగుండదు" అంటాడు.

తియ్యను.