కుర్చీల బాబాయి

ఆ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా మనుషులకంటే ముందు కుర్చీలు చేరేవి. కబురు చెవిన పడగానే బాబాయి చేస్తున్న పని ఆపి, షాపు వెనక్కి తిరిగి, "ఎక్కించండ్రా" అనేవాడు. ఎవరు పోయారు, ఎన్ని కుర్చీలు అని పనివాళ్ళు అడిగేవారు కాదు. వీధి పేరొకటి చెబితే చాలు, వ్యాను బయల్దేరేది. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుని చూసేసరికి వాకిట్లో కుర్చీలు వరసలు తీరి ఉండేవి, రెండు పెద్ద ఫ్యాన్లు తిరుగుతూ ఉండేవి, మంచినీళ్ళ డ్రమ్ము మీద గ్లాసులు బోర్లించి ఉండేవి. అద్దె అడుగుతారేమోనన్న అనుమానం కూడా ఎవరికీ వచ్చేది కాదు.

అసలు ఆయన వ్యాపారమే అది. పెళ్ళిళ్ళకీ సభలకీ కుర్చీలు, బల్లలు అద్దెకివ్వడం. కానీ బడి వార్షికోత్సవానికి ఉచితం, లైబ్రరీ మీటింగుకి ఉచితం, ఆటల పోటీలకి ఉచితం. ఇన్ని ఉచితాలు పోగా ఆ షాపు ఎలా నడిచేదో ఆ దేవుడికే తెలియాలి. బాబాయి చేతికి ఎముక లేదని ఊరంతా అనేది. పనిలో మాత్రం చండశాసనుడు. తిరిగొచ్చిన ప్రతి కుర్చీలోనూ తనే కూర్చుని, అటూ ఇటూ ఊగి, కాళ్ళు గట్టిగా ఉన్నాయని తేలాకగానీ దొంతరలో పెట్టనిచ్చేవాడు కాదు. బీటవేసినది కనబడితే పక్కకి విసిరేసి, "దీనిమీద ఎవడైనా కూలబడ్డాడంటే వాడి నడుం, నా పరువు రెండూ విరుగుతాయి" అనేవాడు.

ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన దర్జీ కూడా ఆయన్ని బాబాయనే పిలిచేవాడు. ఆ లెక్కన ఊళ్ళో సగం మంది ఆయనకి కొడుకుల వరస. ఇంతమంది కొడుకులున్న మనిషి ఇంటి తలుపు సాయంత్రమయ్యేసరికి తట్టేవాడు ఒక్కడూ లేడు. సొంత పిల్లలు లేరు. భార్య పోయి నాలుగేళ్ళయింది.

ఆవిడని ఊరంతా పిన్ని అనేది. చావింటికి వ్యాను కదలగానే వెనకే చెప్పులేసుకుని పిన్ని బయల్దేరేది. "నువ్వూ రావచ్చుగా" అంటే, "అక్కడ ఏం మాట్లాడాలో నాకు తెలీదే, నువ్వెళ్ళు. నేను కుర్చీలు పంపానుగా" అనేవాడు. ఆవిడ సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, ఇంటికొచ్చి ఎవరు ఎలా ఏడ్చిందీ చెప్పేది. ఈయన అన్నం తింటూ ఊ కొట్టేవాడు. పిన్ని పోయాక కూడా వ్యాను ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు కుర్చీలే ఉన్నాయి. ఒకదాంట్లో ఆయన కూర్చునేవాడు, రెండోదాంట్లో మడతపెట్టని బట్టలు కూర్చునేవి. రేడియో వార్తలు చదువుతుంటే మధ్యలో "అవునా" అనేవాడు. రేడియోతో మాట్లాడుతున్నానని తెలిసి నాలిక కరుచుకునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు బీటవేసిన కుర్చీని బాగుందని దొంతరలో పెట్టించాడు. పనివాడు చూసి చెబితే మొదట వాడిమీద ఎగిరాడు గానీ, తర్వాత కుడి కన్ను మూసి చూసుకుంటే లోకమంతా పాలలో ముంచినట్టు కనబడింది. పక్క ఊరి ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, గురువారం పొద్దున్న రమ్మన్నాడు.

"తోడు ఒక మనిషిని తెచ్చుకోండి. ఆపరేషన్ అయ్యేదాకా బయట ఉండాలి, తర్వాత చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాలి. మనిషి లేకపోతే మేం చెయ్యం."

"మనుషులకేం కొదవ డాక్టరుగారూ! ఊరంతా నావాళ్ళే" అని బాబాయి పెద్దగా నవ్వాడు.

తిరుగు బస్సులో ఎవర్ని పిలవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. బస్సు దిగేసరికి ఆ నవ్వు మొహంమీద లేదు.

ముందు దర్జీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన్ని చూడగానే దర్జీ మిషను ఆపి లేచి నిలబడ్డాడు.

"గురువారం కంటి ఆపరేషనోయ్" అన్నాడు బాబాయి.

"అయ్యో! తల మీంచి చొక్కా తియ్యకూడదంటారు బాబాయ్, ముందు గుండీలున్నది మెత్తటి గుడ్డతో కుట్టి పంపిస్తా. కొలతలక్కర్లేదు, నాకు నోటికొచ్చు."

నువ్వు నాతో వస్తావా అనే మాట గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. ఎదుటివాడికి కావలసింది అడక్కముందే ఇవ్వడం తెలుసుగానీ, తనకి కావలసింది అడగడం ఆయనకి చిన్నప్పట్నుంచీ చేతకాదు. "సరేలే" అని వచ్చేశాడు.

హెడ్మాస్టరు ఇంకా ఉత్సాహపడ్డాడు. "మీకేం బాబాయ్, వెంట పదిమంది ఉంటారు. ఆ గుంపులో మేమెందుకు అడ్డం? పిల్లలచేత పూలగుత్తి చేయించి పంపిస్తాను" అన్నాడు. మందుల షాపాయన అయితే మాట పూర్తి కానివ్వలేదు. "బస్సులో వెళ్ళడమేంటి బాబాయ్, నేను బతికుండగా! కారూ డ్రైవరూ పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటాయి" అన్నాడు. వాళ్ళలో ఒక్కడి ప్రేమ కూడా అబద్ధం కాదు. అదే ఆయనకి మరీ కష్టంగా ఉంది. కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు.

గురువారం పొద్దున్న అన్నీ వచ్చాయి. చొక్కా వచ్చింది. పూలగుత్తి వచ్చింది. ఎవరో ఫ్లాస్కులో వేడి పాలు పంపారు, ఎవరో మెత్తటి దిండు పంపారు. కారు తళతళా మెరుస్తూ వచ్చి నిలబడింది. వెనక సీట్లో ఆ సామాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని బాబాయి ఆసుపత్రికి వెళ్ళాడు.

"మీతో వచ్చినవాళ్ళు ఎవరండీ?" అంది నర్సు.

బాబాయి ఒళ్ళో ఉన్న పూలగుత్తి వైపు చూశాడు, పక్కనున్న ఫ్లాస్కు వైపు చూశాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది, మనిషి తప్ప.

"ఎవరూ లేకపోతే వచ్చే నెలకి రాసుకుంటాం. అప్పటికి ఎవర్నైనా తెచ్చుకోండి" అంది నర్సు, పాపం మెల్లగానే.

వచ్చే నెలకి మాత్రం ఎవరొస్తారు? బాబాయి బయటికి నడిచాడు. కారు అద్దం తుడుస్తున్న డ్రైవరు ఆయన్ని చూసి గుడ్డ భుజాన వేసుకున్నాడు. నలభై దాటిన మనిషి. దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదు.

"నీకు వేరే పనేమైనా ఉందా?"

"లేదండీ."

బాబాయికి మొహమంతా చెమట పట్టింది. జీవితంలో ఇన్ని వేల కుర్చీలు మోయించాడుగానీ, ఇంత బరువు ఎప్పుడూ ఎత్తలేదు.

"లోపల కాసేపు... నాతోపాటు కూర్చుంటావా? మనిషి ఉండాలంటున్నారు."

డ్రైవరు ఆయన వైపు ఒక్క క్షణం చూసి, "పదండి" అన్నాడు.

ఇద్దరూ బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. నర్సు డ్రైవరు పేరు రాసుకుని, బాబాయి కంట్లో చుక్కలు వేసి వెళ్ళింది. ఏం మాట్లాడాలో బాబాయికి తోచలేదు. డ్రైవరే ముందు మాట్లాడాడు.

"మీకు గుర్తుండదులెండి. పోయినేడు మా నాన్న పోయినప్పుడు మీరు కుర్చీలు పంపారు."

"ఏ వీధి?"

"బస్టాండు వెనక సందు."

వీధి గుర్తొచ్చింది. వ్యాను సందులో తిరగక కుర్చీలు చేతుల మీద మోశామని పనివాళ్ళు చెప్పింది గుర్తొచ్చింది. పోయిన మనిషి మాత్రం గుర్తు రాలేదు. గుర్తు రావడానికి, ఎవరని ఆయన అడిగితే కదా!

"ముందు వరసలో ఒక కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదండి మా అమ్మ. ఇన్ని పంపినాయన రాకుండా ఉంటాడా, బాబాయి వస్తాడు, అది ఆయనకి ఉండనివ్వండి అంది. సాయంత్రం మీ వ్యాను వచ్చాక అన్నీ ఎక్కించి, చివర్న దాన్ని ఎక్కించాం." డ్రైవరు కంగారుపడ్డాడు. "తప్పుపట్టి కాదండీ. మీకెన్ని పనులో మాకు తెలీదా!"

బాబాయికి సిగ్గేసింది. చొక్కా కుట్టి పంపిన దర్జీ గుర్తొచ్చాడు. దర్జీ తల్లి పోయినప్పుడూ తను చేసింది అదే. మొన్నటినుంచీ ఊరిని తలుచుకుని లోలోపల నొచ్చుకుంటున్నాడుగానీ, ఊరు ఆయన దగ్గర నేర్చుకున్నదే ఆయనకి తిరిగి చేసింది. పిన్ని వెళ్ళొస్తుంటే తనూ వెళ్ళినట్టే అనుకుని ఇన్నేళ్ళూ బతికేశాడు.

బాబాయి పక్కకి తిరిగాడు. చుక్కల వల్ల డ్రైవరు మొహం అలికినట్టు కనబడింది.

"మీ నాన్న ఏం చేసేవాడు నాయనా?"

"గొడుగులు బాగుచేసేవాడండి."

"ఎలా పోయాడు?"

డ్రైవరు చెప్పడం మొదలుపెట్టాడు. వానలు పడక పని లేని రోజుల్లో పాత గొడుగులన్నీ వాకిట్లో విప్పి పరిచి, ఒక్కొక్కటి ఎవరిదో పేరు పేరునా చెప్పేవాడట. చివరి రోజుల్లో మాట పడిపోయిందట. చేతులు మాత్రం దుప్పటి మీద ఏదో కుడుతున్నట్టు కదులుతూనే ఉండేవట. అక్కడికొచ్చేసరికి డ్రైవరు భుజం మీది గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. బాబాయి అతని మోకాలిమీద చెయ్యి వేశాడు.

లోపలినుంచి నర్సు వచ్చింది. "రండి, మీ వంతే. డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు."

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు బాబాయి, చెయ్యి తియ్యకుండానే. "ఈ అబ్బాయి వాళ్ళ నాన్న పోయాడు."