పూజగదిలో మెయిన్ స్విచ్

బయటికి వెళ్ళేటప్పుడు వెంకటరాయప్ప మొదట పూజగదికి తాళం వేసేవాడు, తరువాత వీధి తలుపుకు. ఆయన జాగ్రత్తను బళేపేటలో అందరూ మెచ్చుకునేవారు. నిజానికి ఆ గదిలో దొంగలెత్తుకుపోయేదేమీ లేదు. కరెంటు మెయిన్ స్విచ్ ఒకటి ఉంది. ఆయుధపూజనాడు భార్య భాగీరథమ్మ దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టేది. ఆమె పోయి రెండేళ్ళయినా బొట్టు చెరగలేదు. దానిమీద పరాయి చెయ్యి పడటం ఆయనకు ఇష్టం లేదు.

పొగలేని వేడినీళ్ళు కావాలని ఆమె ఎన్నో ఏళ్ళు అడిగింది. ఆలస్యంగానైనా ఆ ఎండాకాలం మిద్దెమీద సోలార్ హీటరు పెట్టించాడు. పక్క సందులోంచి దారి ఉన్న వెనక వాటాలో అద్దెకుండే పూలమ్మే సొన్నమ్మకూ ఆ నీళ్ళే. మబ్బు పట్టిన రోజుల కోసం అందులో కరెంటు కాయిల్ కూడా ఉంది.

దాన్ని తనిఖీ చేయడానికి వచ్చిన కరెంటాఫీసు ఇంజినీరు సుబ్బరాయుడు పూజగది చూసి ఆగిపోయాడు.

"ఇది ఈడ ఉండకూడదు సార్. రూలు ప్రకారం వీధి వాకిట్లో, ఎవరి చేతికైనా అందేట్ల ఉండాల."

"నేను తప్ప ఈ గదిలోకి వచ్చేదెవరప్పా?"

"మీరు లేనప్పుడు ఏమన్నా అయితే?"

వెంకటరాయప్ప ఒక సాకు చెప్పాడు. "ఆషాఢంలో గోడకు ఉలి పెట్టకూడదప్పా. శ్రావణం రానీ, మార్పిస్తాను."

పెద్దాయన మాట కొట్టేయలేక ఇంజినీరు తల ఊపాడు. "అంతవరకు కాయిల్ మాత్రం వేయొద్దండి."

ఆషాఢపు ముసురు పట్టింది. వారం రోజులు ఎండ పొడ లేదు. ఒక ఉదయం ఒళ్ళు వణికి, వెంకటరాయప్ప కాయిల్ వేశాడు. స్నానం చేసి, దాన్ని ఆపడం మరచి, రెండు తాళాలూ వేసుకుని చిక్కపేటకు వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం. ఒకడు రాయితో తాళం బద్దలు కొడుతున్నాడు. పెరట్లో కొళాయి పారుతూనే ఉంది. నిలిచిన నీళ్ళలో సొన్నమ్మ పడి ఉంది. కాయిల్ చెడి కరెంటు ఇనుపగొట్టం గుండా కొళాయిలోకి దిగింది. పక్కింటి పాపక్క రోకలి అడ్డం పెట్టి అందరినీ ఆపుతోంది.

"ఎవురూ నీళ్ళల్లో కాలు పెట్టొద్దండప్పా! బేగ తెరువు సామీ! మా అందరి పానాలూ నీ దేవుడి గదిలో పెట్టి బీగం ఏసుకుని పోతివే!"

వెంకటరాయప్ప జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. వీధి తలుపు తెరిచాడు. ఇంకొక తాళం ఉంది. తన జాగ్రత్త ఎంత పొడుగో ఆ కొన్ని అడుగుల్లో ఆయనకు తెలిసింది. స్విచ్ కిందికి లాగాడు.

సొన్నమ్మ బతికింది. ఆసుపత్రిలో కుడిచేతికి కట్టుతో పడుకుని, గడప దగ్గర నిలబడిపోయిన ఆయన్ను చూసింది.

"ఆడనే నిలబడితివేమన్నా? రా, కూచో. వేళ్ళు కదుల్తా ఉండాయి. నెల పోతే మళ్ళా మాల కడతానంట."

ఒక్క నిష్ఠూరం లేదు. భార్య పోయిన ఆ రెండేళ్ళలో తనను ఎవరైనా పక్కన కూర్చోమనడం అదే మొదటిసారి. వెంకటరాయప్ప తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మరునాడే మేస్త్రీని పిలిపించాడు. ఇంజినీరు దగ్గరుండి కొత్త మెయిన్ స్విచ్ వీధి వాకిట్లో బిగింపించాడు. వెంకటరాయప్ప పాపక్కనూ, ఎదురింటివాళ్ళనూ పిలిచాడు.

"ఇట్ల కిందికి లాగితే చాలు. నేనున్నా లేకున్నా లాగండి. నన్ను అడగబాకండి."

పాపక్క ఒకసారి లాగి చూసింది. ఇల్లంతా చీకటైంది. "ఇంగ నీ ఇల్లు మా చేతిలో ఉండాది సామీ!" అని నవ్వింది. చాలా కాలానికి ఆయనా నవ్వాడు.

ఒంటరిగా బతకడం మన తలరాత కావచ్చు. కానీ ఆపదను ఆపే మీటను పదిమంది చేతికి అందకుండా దాచే హక్కు మనలో ఎవరికీ లేదు.