ఎర్ర కారుకి గజమాల

నేను ఒక ఎర్ర సెడాన్ కారుని. ఆ మంచి కబురు వచ్చే వేళకి విశాఖపట్నం లాసన్స్ బేలో ఒక పాత మేడ కింద, నిలువెల్లా బూడిదరంగు ముసుగు కప్పుకుని నిలబడి ఉన్నాను. నా యజమాని కామేశం గారు పక్కనే కుర్చీ వేసుకుని ఫోనులో, "అమ్మాయీ, కారు మీకే ఇస్తాను. వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు. వెంటనే ఫోనులోంచి గలగలమని గాజుల చప్పుడు వచ్చింది, ఎవరో ఉన్నచోటే గెంతినట్టు. ముసుగు కింద నాకూ గెంతాలనిపించింది కానీ హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది.

నా పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. నన్ను గీసినవాళ్ళు జపాన్‌వాళ్ళు, బిగించింది మన దేశంలోనే. ఒంట్లో ఇంజను పెద్దది, ఒళ్ళు తేలిక. నెమ్మదిగా నడిపితే ఇంట్లో పిల్లలా ఉంటాను. మూడో గేరులో కాస్త గట్టిగా తొక్కితే నా గొంతు మారుతుంది, ఎదురుగా ఉన్న రోడ్డు దగ్గరికి వచ్చేస్తుంది. నన్ను మొదట కొన్న కుర్ర డాక్టరు ఆ గొంతు వినడానికే అవసరం లేకపోయినా భీమిలి దాకా వెళ్ళి వచ్చేవాడు. తర్వాత అతనికి కవల పిల్లలు పుట్టారు. నా డిక్కీలో జోడు ఉయ్యాల పట్టలేదు. అలా కామేశం గారి చేతికి వచ్చాను.

కామేశం గారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. నన్ను ఎంత ఇష్టపడ్డారంటే, అసలు నడపలేదు. ఆదివారం ఆదివారం ముసుగు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఇంజను స్టార్ట్ చేసి, గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవారు. రోడ్డు మీద గీతలు పడతాయని ఆయన భయం. మనుషులు ప్రేమను ఇలా కూడా చూపిస్తారు. పెళ్ళిలో వచ్చిన మంచి గిన్నెలు అటక మీద పెట్టి, సొట్టలు పడ్డవాటిలో తింటారు.

చివరికి ఆయన నన్ను అమ్ముదామనుకున్నాక చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళందరినీ ఆయన ఒకటే అడిగేవారు, దీన్ని ఏం చేస్తారని. ఒకతను సైలెన్సర్ మార్చి ఊరంతా వినపడేలా చేస్తానన్నాడు. ఇంకొకతను వెనక రెక్క పెట్టించి శని, ఆదివారాలు తిప్పుతానన్నాడు. కామేశం గారు ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపేశారు. ఆ తర్వాత కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోని ఒక అమ్మాయి, ఆమె భర్త వచ్చారు. అమ్మాయి పేరు స్ఫూర్తి, భర్త కిరీటి. ప్రశ్నకి ఆమె, "రోజూ ఆఫీసుకి వెళ్తామండీ" అంది. కామేశం గారి ముఖం చిన్నబోయింది. వాళ్ళు నిరాశగా వెళ్ళిపోయారు. అయితే ఆ సాయంత్రం ఆయన నాకు ముసుగు కప్పబోయి, "రోజూ నడుస్తుందన్నమాట" అని తనలో తాను అనుకున్నారు. ఆ మరుసటి రోజే ఫోను చేశారు.

రోజూ ఆఫీసుకి అనడంలో ఎంత ఉందో నాకు తర్వాత తెలిసింది. మురళీనగర్‌లో వాళ్ళది ఒక హాలు, ఒక పడగ్గది ఉన్న ఇల్లు. అందులో అత్తగారు రమణమ్మ గారు, చదువుకుంటున్న ఇద్దరు ఆడపడుచులు, ఎప్పుడూ వచ్చిపోయే చుట్టాలు. పొద్దున్నే కిరీటి బైకు మీద గాజువాక, స్ఫూర్తి కంపెనీ బస్సులో పరవాడ. ఇద్దరిదీ ఒకటే దారి, కానీ ఆమె బస్సు అద్దంలోంచి అతని హెల్మెట్ ఎక్కడుందా అని వెతుక్కునేది. నేను వస్తే ఆ దారిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. కొత్త కాపురంలో ఇద్దరికీ తమదంటూ మిగిలే గంట అదొక్కటే. ఇంట్లో అందరి ముందు ఏవండీ అని పిలిచే ఆ అమ్మాయి, నన్ను ఇంటికి తెచ్చిన రోజు నా తలుపులు మూసుకోగానే కిరీటీ అని పిలిచింది. అది విని నా సీట్లు కూడా మెత్తబడ్డాయి.

దీనికి అడ్డు రమణమ్మ గారి తమ్ముడు అప్పారావు. డీజిలు జీపున్న పెద్దమనిషి. వీధిలో నన్ను చూస్తూనే బానెట్ మీద తట్టి, ఇది సరదాకి తోలే బండి, రోజూ ఆఫీసుకి తోల్తారేటి, ఎక్కడో నడిరోడ్డు మీద ఆపేస్తాది అన్నాడు. రమణమ్మ గారికి తమ్ముడి మాటంటే గురి. ముందు సింహాచలం కొండెక్కి అప్పన్న స్వామికి చూపిద్దాం, ఏ తేడా లేకుండా ఎక్కితే ఉంచుకుందాం, లేదంటే ఎవరికైనా అమ్మేద్దాం అని తేల్చేసింది. స్ఫూర్తి సరేనంది. ఆ రాత్రి ఆమె వచ్చి నా స్టీరింగుని ఒకసారి నిమిరి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న కొండ కింద మెట్ల మొదట్లో ఉన్న తొలిపావంచా దగ్గర నాకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంతటితో ఆగితే బాగుండేది. అప్పారావు తన పరువుకి తగ్గట్టు ఒక గజమాల తెచ్చాడు. బంతిపూలు, మరువం, మధ్యలో గులాబీలు, నా హెడ్‌లైట్ల నుంచి బంపరు కింద దాకా. జారకుండా తీగలతో బిగించి కట్టాడు. ఇల్లు చేరేదాకా దండ తీయకూడదని రమణమ్మ గారి ఆన.

స్ఫూర్తి నడుపుతోంది. పక్కన అప్పారావు, వెనక తల్లీ కొడుకూ. ఎండ, ఏ.సి., ముందు బస్సుల వరస. మొదటి మలుపు హాయిగా తిరిగాను. రెండో మలుపుకి నాకు ఊపిరి అందలేదు. మా కార్లు గాలి పీల్చేది ముక్కులాంటి ఆ ముందు జాలీలోంచే. దానికి అడ్డంగా బంతిపూల గోడ కట్టేశారు. నాకు నోరు లేదు. ఉన్నదల్లా డాష్‌బోర్డులో ఇంజను వేడి చూపించే ఒక ముల్లు. దాన్నే పైకి, ఇంకా పైకి చూపించాను. స్ఫూర్తి చూసింది. పక్కకి తీసి ఆపింది.

అప్పారావు దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"చెప్పేనా లేదా అక్కా. కొండ సగం ఎక్కలేదు, అప్పుడే పొయ్యి మీద గిన్నె అయిపోనాది. మా ఊళ్ళో ఒకడున్నాడు, రేపే పట్టుకుపోతాడు."

రమణమ్మ గారు కొడుకు వైపు చూసింది. కిరీటి భార్య వైపు చూశాడు. ఇక నా రోజులు మళ్ళీ ఏ ముసుగు కిందో అనుకున్నాను.

స్ఫూర్తి నా ఎదురుగా వచ్చి నిలబడింది. పూల మధ్య వేళ్ళు దూర్చి, వేడికి చటుక్కున వెనక్కి తీసుకుంది. అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, పెళ్ళిలో నా దండ మీరే కదా వదులు చేశారు, పిల్లకి గాలాడట్లేదని?"

రమణమ్మ గారు ఆమెని చూసింది, నన్ను చూసింది. ఆరోజు ముక్కుదాకా వచ్చిన గులాబీల దండలో, పీటల మీద చెమటలు కక్కుతున్న కోడలు గుర్తొచ్చిందేమో, పెదవి చివర నవ్వు కదిలింది.

"తీగ విప్పరా తమ్ముడూ."

"ఇంటికెళ్ళేదాకా తీయకూడదన్నావు కదేటి?"

"దానికి ఊపిరాడక చస్తంటే అప్పన్న సంతోషిస్తాడేటి? విప్పు."

తీగలన్నీ అప్పారావే విప్పాడు. కిరీటీ, స్ఫూర్తీ జాలీ సందుల్లో ఇరుక్కున్న రేకులన్నీ ఏరారు. ఇద్దరి తలలూ నా ముందు ఆనుకుని ఉన్నాయి, ఎవరూ జరగలేదు. నేను చల్లబడేదాకా అందరూ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుని జామకాయలు తిన్నారు. గజమాల పెట్టడానికి చోటు లేక అప్పారావు దాన్ని మెడలోనే వేసుకుని కూర్చున్నాడు. పక్కనుంచి వెళ్తున్న బస్సులోంచి ఎవరో ఆయనకి దండం పెట్టారు.

మిగతా కొండ ఒక్క గుక్కలో ఎక్కాను. చివరి మలుపులో స్ఫూర్తి మూడో గేరులో కొంచెం గట్టిగా తొక్కింది. నా గొంతు మారింది. దండలోంచి అప్పారావు, "బాగానే లాగుతన్నాదే" అని గొణిగాడు. ముల్లు మధ్యలో నిలబడి మళ్ళీ కదల్లేదు.

ఇల్లు చేరాక రమణమ్మ గారు ఆ దండని తలుపుకి కట్టింది. కామేశం గారిచ్చిన ముసుగుని డిక్కీలోంచి తీసి, మేడ మీద వడియాలు పెట్టుకోడానికి బాగుంటుందని మడిచి చంకలో పెట్టుకుంది. గేటు దగ్గర ఆగి కోడలితో అంది.

"బస్సతనికి ఫోన్ చేసి రేపట్నుంచి రావొద్దని చెప్పమ్మా."

"ఏడున్నరకి బయల్దేరితే సరిపోతుంది అత్తయ్యా."

"ఆరున్నరకే బయల్దేరండి. క్యారేజీ కట్టి ఉంచుతాను. టీ మాత్రం ఇంట్లో ఇవ్వను, దార్లో ఎక్కడైనా ఆపుకుని ఇద్దరూ నిదానంగా తాగండి."