లేని గట్టు

ముళ్లతీగ కింద మేకలు మళ్లీ సందు చేశాయి. మాణిక్యప్ప మోకాళ్ల మీద కూలబడి, తుమ్మకంపను కట్టెతో ఆ సందులోకి నెట్టాడు. నీలిరంగు యూనిఫాం చొక్కా అతనికి వదులు. వంగినప్పుడల్లా కాలరు చెవుల దాకా లేస్తుంది. తలకు చెమట పడుతుందని టోపీని గేటు మేకుకు తగిలించాడు. ఎడమ భుజం పొద్దున్నుంచి లాగుతోంది. నిన్నంతా కార్లు వచ్చే దారిలో కంప కొట్టినందుకేమో అనుకున్నాడు.

లేచి నడుస్తుంటే, ఒకచోట అతని కాలు దానంతటదే కాస్త ఎత్తు లేచి అవతల పడింది. ఒకప్పుడు అక్కడ అతని చేను గట్టు ఉండేది. బుల్డోజరు దాన్ని చదును చేసి ఏళ్లయింది. కాలికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

మనూరు వైపు ఈ నల్లరేగడంతా ఫ్యాక్టరీ కోసం సర్కారు తీసుకుంది. టెంటు వేసి మీటింగు పెట్టిన రోజు ఒక పెద్దాఫీసరు, దేశం బాగుపడాలంటే మీరు కొంచెం ఓర్చుకోవాలన్నాడు. అందరూ చేతులు కట్టుకుని విన్నారు. పైసలు వచ్చాయి, పోయాయి. బయటి దేశపు కంపెనీ మాత్రం రాలేదు. జొన్న, కంది పండిన చోట సర్కారు తుమ్మ మొలిచింది. ఊళ్లో ఏ గొడ్డు ఎవరిదో తెలిసినవాడని మాణిక్యప్పను కావలి పెట్టారు. మొదటిరోజే అతను బయటికి తోలింది తన సడ్డకుని, అంటే భార్య చెల్లెలి మొగుని, బర్రెలను. ఆ ఇంటితో మాటలు అప్పుడే పోయాయి.

ఈరోజు ఎల్లమాస. కడుపుతో ఉన్న బిడ్డకు పెట్టినట్టు, పొట్టకొచ్చిన చేనుకు అంబలి పోసే అమావాస్య. కంచె పడ్డాక కూడా మాణిక్యప్ప ఏ ఏడూ తప్పలేదు. కంప చాటున కాసిని జొన్నమొక్కలు పెంచేవాడు. తెల్లవారకముందే భార్య ఇంద్రమ్మ కుండతో వచ్చేది. పాండవులని మొక్కే ఐదు రాళ్లకు సున్నం పూసి, ఇద్దరూ చేను చుట్టూ వేపమండతో అంబలి చల్లి, ఎవరి కంటా పడకుండా బయటపడేవాళ్లు.

ఈసారి కుదరలేదు. కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారని సూపర్‌వైజరు సంగమేశ్వర్ ముందే చెప్పాడు. జొన్న కోసెయ్యాలి, రాళ్లు పారెయ్యాలి, ఎవరిదో చేనన్న ఆనవాలు ఉండొద్దు. ఊరివాళ్ల అడుగు లోపల పడితే పని పోతుంది. కొడుకు హైదరాబాదులో కూలి చేసేది వాడి తిండికే సరిపోదు. కోడలు, ఇంకా పాలు మానని మనవరాలు ఈ పని మీదే బతుకుతున్నారు. మాణిక్యప్ప జొన్న కోశాడు. రాళ్లను పారెయ్యడానికి చేతులు రాక, కోసిన చొప్పే వాటి మీద కప్పాడు.

పొద్దెక్కేసరికి ఇంద్రమ్మ నెత్తిన కుండతో గేటు ముందు నిలబడింది.

“తియ్యవేంది?”

“సార్లు వస్తుండ్రు. వాళ్లు పోయినంక రా.”

“ఆకలైనప్పుడు పెడ్తరా, సార్లు పోయినంక పెడ్తరా?”

అతను గడియ మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు.

“పెండ్లాన్ని ఆపేటంత పోలీసువైనవా? గా టోపీ కావలి గాస్తది తియ్, నువ్వు రా.”

ఇంద్రమ్మ కుండను గేటు బయటే దించింది.

“నువ్వే చల్లు. చల్లకుంట ఇంటికి రాకు.”

కార్లు మధ్యాహ్నం దాటాక వచ్చాయి. ముందు దిగింది ఆనాటి పెద్దాఫీసరే. వెనక కారులోంచి ఒక తెల్లావిడ దిగి, నేల వైపు కాకుండా ఫోను వైపు చూస్తూ ఏదో అడిగింది. ఆఫీసరు పొట్ట మీద చేతులు కట్టుకుని, కొంచెం వంగి, నవ్వుతూ జవాబిచ్చాడు. పెండ్లిచూపుల్లో ఆడపిల్ల తండ్రి అలాగే నిలబడతాడు. టెంటు కింద తాము నిలబడిందీ అలాగే. మాణిక్యప్పకు ఎందుకో చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాడు. లేచిన దుమ్ము అణగకముందే కార్లు వెళ్లిపోయాయి.

“నచ్చిందా?” అని సంగమేశ్వర్‌ను అడిగాడు.

“ఏమో కాకా. ఇంకో దేశమోళ్లు భూమి, కరెంటు అన్నీ ఉత్తగిస్తమన్నరంట. ఆడ గూడ చూస్తరంట.”

“రాకుంటే మా భూమి మాకిస్తరా?”

“నీ భూమి ఏడుంది ఇగ? సర్కారుది. ఈళ్లు గాకుంటే ఇంకోళ్లు వస్తరని పట్టుకోని కూసుంటది.”

మాణిక్యప్ప ఎడమ భుజం రుద్దుకున్నాడు. “అంటే సర్కారు గూడ నా లెక్క కావలిదే అన్నట్టు.”

సంగమేశ్వర్ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా మాణిక్యప్ప కుండను లోపలికి తెచ్చాడు. చొప్ప తీసి రాళ్లను వరుసగా నిలబెట్టాడు. సున్నం లేదు. ఒక్కొక్క రాయినీ తువాలుతో తుడిచాడు. వేపమండ అంబలిలో ముంచి, పెద్దలు నేర్పిన పిలుపు గొంతులోనే పిలుస్తూ, చేను అంచు పట్టి చల్లుకుంటూ నడిచాడు. సగం చుట్టు తిరిగేసరికి భుజంలోని నొప్పి ఛాతీలోకి దిగింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుందని, మెల్లగా రాళ్ల దగ్గరికి వెళ్లి, ముందు కుండను దించి, తర్వాత తను కూర్చున్నాడు.

చీకటి పడ్డా రాలేదని ఇంద్రమ్మ వెతుక్కుంటూ వచ్చింది. గేటు తెరిచే ఉంది. అతను మోకాళ్ల మీద తల ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇగ లే. చలి వెడ్తుంది,” అంటూ భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు అప్పటికే చల్లబడి ఉంది.

ఊరివాళ్లు వచ్చారు. లోపలికి పోవద్దని ఆపేవాళ్లెవరూ లేరు. అతన్ని మోసుకుపోతున్నవాళ్లలో సడ్డకుడు ముందున్నాడు. గట్టు ఉండిన చోటికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, అందరి కాళ్లూ కాస్త ఎత్తు లేచి అవతల పడ్డాయి.

వెనక, ఐదు రాళ్ల పక్కన, ఒలకకుండా మట్టిలో కుదురు చేసి నిలిపిన కుండలో సగం అంబలి ఉంది, అందులో వేపమండ.