నోరున్న చెయ్యి

ఆ వారం మా ఇంట్లో మనుషులం నలుగురం, చేతులు తొమ్మిది.

తొమ్మిదోదాన్ని మా అమ్మాయి గుడ్డసంచిలో పెట్టుకుని కాలేజీ నుంచి బస్సులో తెచ్చింది. అది నర్సింగ్ రెండో సంవత్సరం. భుజం నుంచి వేళ్ళ దాకా ఉన్న రబ్బరు చెయ్యి అది. లోపలి సన్న గొట్టాలు నరాలన్నమాట, పైన వేలాడదీసే సంచిలో ఎర్రనీళ్ళు రక్తమన్నమాట. సెలైన్ సూది వెయ్యడం పిల్లలు ముందు దీనిమీద నేర్చుకుంటారు. గుచ్చీ గుచ్చీ చర్మం జల్లెడైపోయిన పాత చెయ్యి కాబట్టి ఇంటికి తీసుకెళ్ళనిచ్చారు. సంచి చాలక వేళ్ళు బయటికి వచ్చాయట. బస్సులో పక్కన కూర్చున్నాయన ఆ వేళ్ళని చూసి, తర్వాత మా అమ్మాయి మొహం చూసి, మారు మాట్లాడకుండా లేచి వెనక సీట్లోకి పోయాడట.

"సీటంతా నాకే వచ్చిందమ్మా" అంది. ఆ రోజు దానికి దక్కిన సంతోషం అదొక్కటే.

"పరీక్ష ఏమైంది?"

"పోయింది."

"నరం దొరకలేదా?"

"మొదటిసారికే దొరికింది. రక్తం కనిపించింది. సూది తీశా, ప్లాస్టర్ కూడా చక్కగా అంటించా."

"మరింకేం?"

"పట్టీ విప్పడం మర్చిపోయా."

నరం పైకి తేలడానికి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిస్తారు. సూది వెనక రక్తం కనబడగానే దాన్ని విప్పెయ్యాలి, ఆ తర్వాతే ప్లాస్టిక్ గొట్టం నరంలో ఉంచి సూది తియ్యాలి. మా అమ్మాయి విప్పలేదు. పదకొండు నిమిషాలు బిగించే ఉంచి, చివర్లో ట్యూటర్ మేడమ్‌కి థాంక్యూ కూడా చెప్పి వచ్చేసింది.

"ఈ చేతికి నోరు లేదు కాబట్టి నువ్వు బతికిపోయావు. వార్డులో వాళ్ళకి నోరుంటుంది. వాళ్ళ చుట్టాలకి ఇంకా పెద్ద నోరుంటుంది" అందట మేడమ్.

శుక్రవారం ఇంకొక్క అవకాశం. అందులోనూ తప్పితే తోటిపిల్లలంతా సోమవారం నుంచి వార్డుకి వెళ్తారు, ఇది మాత్రం ఆరు నెలలు ఆగి తర్వాతి బ్యాచ్‌తో వెళ్ళాలి. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది కానీ, కాఫీలో చక్కెర రెండుసార్లు వేసుకుంది.

మా ఆయన సంగతి తెలిసిందే, ఎవరికి కష్టమొచ్చినా ముందు సలహా ఇచ్చి తర్వాత కష్టమేమిటని అడుగుతారు. "పాటలా గుర్తుపెట్టుకో తల్లీ. కట్టు, గుచ్చు, విప్పు. కట్టు, గుచ్చు, విప్పు" అన్నారు. అమ్మాయి అలాగే పాడుకుంటూ భోజనాల బల్ల మీద నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ గుచ్చు దగ్గర పాట ఆగిపోయింది. దాని ప్రాణమంతా సూదిమొన మీదే ఉంటుంది, ఇక పట్టీ ఎక్కడ గుర్తుంటుంది?

బల్ల ఖాళీ చేసే ఓపిక లేక ఆ చేతిని ఓ పక్కకి జరిపి భోజనానికి కూర్చున్నాం. మా అత్తగారు సరిగ్గా దానికెదురుగా కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నారో లేదో చెయ్యి ఆపేశారు.

"ఆ పట్టీ ఎవరైనా విప్పండర్రా. చూస్తుంటే నా చెయ్యి లాగేస్తోంది."

అమ్మాయి గభాలున లేచి విప్పింది. నాకు బుర్రలో దీపం వెలిగింది.

మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. ఆవిడ గొణుగుడికి నేను ఇరవై మూడేళ్ళుగా ఏకైక శ్రోతని. టీ పలచన, ఫ్యాను గాలి ఒకవైపే, పక్కింటివాళ్ళు తలుపు గట్టిగా వేస్తారు, మనవాళ్ళు మెల్లగా వేస్తారు, అసలు వేశారో లేదో తెలియదు. ఇంతటి విద్య నా ఒక్కదాని మీదే వృథా అయిపోతోందని నాకెప్పుడూ బాధే.

"అత్తయ్యా, రేపటినుంచి మీరు పేషెంటు" అన్నాను.

"నాకేం రోగం?"

"రోగం అక్కర్లేదు. మాట్లాడితే చాలు." నోరు అనే మాట మాత్రం వాడలేదు. ఇరవై మూడేళ్ళ కాపురం ఊరికే పోదు కదా.

మర్నాడు కాలేజీ అవగానే మొదలుపెట్టాం. అత్తగారిని మంచం మీద పడుకోబెట్టి మెడ దాకా శాలువా కప్పాను. ఆవిడ చేతులు రెండూ లోపల, సూదికి దూరంగా, పొట్ట మీద భద్రంగా ఉన్నాయి. శాలువా పక్కనుంచి రబ్బరు చెయ్యి బయటికి వచ్చి దిండు మీద ఆనుకుంది. సూది రబ్బరుకి తప్ప ఎవరికీ తగలకూడదని మేడమ్ హుకుం. అత్తగారు కాసేపు ఆ చేతికేసి అదోలా చూసి, "మరీ బోసిగా ఉంది" అని, తన గడియారం తీసి దాని మణికట్టుకి పెట్టించారు.

అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు? చెప్పాపెట్టకుండా చెయ్యి పట్టుకుంటున్నావు?"

"నేనే నానమ్మా."

"పేషెంటుకి నానమ్మేమిటి? నువ్వెవరో చెప్పు, ఏం చేస్తావో చెప్పు, నొప్పి పుడుతుందో లేదో చెప్పు."

అమ్మాయి నవ్వాపుకుని అన్నీ చెప్పి, పట్టీ కట్టి, స్పిరిట్ దూది రుద్దింది.

"అబ్బా!"

"ఇంకా గుచ్చలేదండీ."

"గుచ్చేటప్పటికి అరిచే ఓపిక ఉంటుందో లేదో అని ముందే అరిచాను."

సూది దిగింది. వెనకాల ఎర్రగా కనిపించింది. అమ్మాయి మళ్ళీ సూది లోకంలోకి వెళ్ళిపోయింది.

"ఓ అమ్మాయ్!" అత్తగారు పిలిచింది నన్ను. "నా వేళ్ళు ఉన్నాయా ఊడాయా చూడు. మొద్దుబారిపోయాయి. ఈ పిల్ల కట్టి నాలుగు నిమిషాలైంది, గడియారం చూడు! ఏ ఆసుపత్రి ఇది? పెద్ద డాక్టర్ని పిలవండి!"

"విప్పుతున్నా, విప్పుతున్నా!"

"విప్పితే సరిపోయిందా? సారీ ఎవరు చెప్తారు?"

రెండు రోజుల్లో పదిహేనుసార్లు చేసి ఉంటుంది. ప్రతిసారీ అత్తగారికి కొత్త జబ్బు, కొత్త చుట్టాలు. ఒకసారి ఇనస్పెక్టర్ తల్లి, ఒకసారి చెవిటావిడ, ఒకసారి ఆరుగురు కూతుళ్ళ తండ్రి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి తల్లి మగగొంతుతో దగ్గడం విని గుమ్మంలోనే ఆగిపోయారు. బుధవారం రాత్రికి ఆవిడ నోరు తెరిచేలోపే పట్టీ ఊడిపోవడం మొదలైంది.

"ఇంకా నేనేం అనలేదే!"

"అనకముందే విప్పాలి నానమ్మా."

"అలాగైతే ఇక నాకు పనేముంది?" అని మొహం చిన్నబుచ్చుకున్నారు.

గురువారం సాయంత్రం నేను ఒక పాడుపని చేశాను. "రేపు అక్కడ చెయ్యి మాట్లాడదు. ఇవాళ ఒక్కసారి మీరు మాట్లాడకుండా చూద్దాం అత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, మొహమంతా ఎర్రబడేలా ఊరుకున్నారు. అమ్మాయి కట్టింది, గుచ్చింది, సూది తీసింది, ప్లాస్టర్ అంటించింది, తృప్తిగా వెనక్కి జరిగింది.

పట్టీ అలాగే ఉంది.

అమ్మాయి తనే చూసుకుంది. చూసుకుని, ఆ రబ్బరు చేతి మీదే తల ఆనించి ఏడ్చేసింది. "నాకు హస్తవాసి లేదమ్మా. మనుషుల చేతులు నాకెందుకు ఇస్తారు?"

అత్తగారు శాలువాలోంచి అసలు చెయ్యి తీసి దాని తల నిమిరారు. "ఛ, ఊరుకో. రేపు నేనొస్తా. పరీక్ష గది బయట నిలబడి దగ్గుతా."

"కాపీ అంటారు నానమ్మా."

"దగ్గు కూడానా? ఏం చదువులమ్మా ఇవి!"

శుక్రవారం నాకు ఏ పనికీ చేతులాడలేదు. అత్తగారు పొద్దుట్నుంచీ టీ పలచనగా ఉందని ఒక్కసారి కూడా అనలేదు. దాన్నిబట్టి ఆవిడ పరిస్థితీ అంతే అనుకున్నాను. మూడున్నరకి గేటు చప్పుడైంది. అమ్మాయి చెప్పులు విప్పకుండానే నానమ్మ గదిలోకి పరిగెత్తింది.

"చేసేశా!"

"పట్టీ?"

"అదే చెప్తున్నా వినండి. కొత్త చెయ్యి, తెల్లగా, ఉలుకూ పలుకూ లేదు. కట్టా, గుచ్చా, రక్తం కనిపించింది. ఇక సూది తీద్దామని వేలు పెట్టా. గదంతా నిశ్శబ్దం. నాకేదో తేడాగా అనిపించింది. ఈపాటికి నానమ్మ ఊరుకోదే, ఎందుకు ఊరుకుంది అనుకున్నా. గబుక్కున పట్టీ విప్పేశా."

అత్తగారు మంచం మీద ముందుకి జరిగారు.

"విప్పి, సారీ అండీ, తిమ్మిరెక్కిందా అని కూడా అడిగేశా, ఆ చేతిని! మేడమ్ కళ్ళజోడు తీసి చూసింది. ఇలా అడగడం ఎవరు నేర్పారు అంది. మా నానమ్మ అన్నా. ఆవిడ నర్సా అంది. కాదు మేడమ్, పేషెంటు అన్నా."

పాసైంది. అంతటితో అయిపోలేదు. వచ్చే బ్యాచ్‌కి కూడా ఇదే జబ్బుందట, ఆ పేషెంటుగారు బుధవారాలు కాలేజీకి వచ్చి చేతి వెనక కూర్చోగలరా అని మేడమ్ అడిగిందట.

"నాకు తీరికెక్కడిది?" అన్నారు అత్తగారు.

బుధవారం ఏడింటికల్లా ఇస్త్రీ బట్టలు కట్టుకుని, గడియారం పెట్టుకుని, వరండాలో కూర్చుని ఉన్నారు. వార్డు డ్యూటీకి వెళ్తూ అమ్మాయి ఒక చేత్తో నానమ్మనీ, ఇంకో చేత్తో ఆ సంచినీ పట్టుకుంది. వేళ్ళు బయటికి ఉన్నాయి. బస్సులో ఇద్దరికీ సీట్లు దొరుకుతాయిలే అనుకున్నాను.

ఇల్లంతా నాదే. ఇరవై మూడేళ్ళుగా ఎదురుచూసిన ప్రశాంతత. పాలు స్టవ్ మీద పెట్టి, వారపత్రిక తీసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఫ్యాను గాలి ఒకవైపే వస్తోంది, ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటి తలుపు దభాలుమంది, ఎవరూ ఏమీ అనలేదు. రెండు కథలు చదివాక నాకూ ఏదో తేడాగా అనిపించింది. ఈపాటికి ఆవిడ ఊరుకోరే, "పాలు!" అని గదిలోంచి అరవాలే...

లేచేటప్పటికి స్టవ్ నిండా పాలు. గిన్నెలో అడుగంటిన నల్లటి మరక.

సాయంత్రం అత్తగారు గుమ్మంలో అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చారు. "మాడిందా?"

"మాడిందత్తయ్యా."

"నేను లేకపోతే ఇంతే."

"ఇంతేనత్తయ్యా" అన్నాను. ఆ మాటలో రెండో అర్థం ఏమైనా ఉందా అని ఆవిడ నా మొహంలో చాలాసేపు వెతికారు. పాపం, దొరకలేదు.