కుట్లు వేసిన ఇంజను

పొద్దున్నే లేచి ముందు కారులో ఆయిలు, తర్వాత మొగుడి నాలుక చూడడం ఆవిడకి పెళ్లయిన దగ్గర్నుంచీ అలవాటు. ఒకటి చూస్తే రెండోది చూసినట్టే. ప్లగ్గులు మసిబారితే ఆయన దగ్గేవాడు. రేడియేటరు కారితే ఆయన ముక్కూ కారేది. వీధిలో ఎవరికీ అందులో వింత కనబడలేదు. వాళ్లు నోరెళ్లబెట్టింది ఆ కారు పరాక్రమానికి. దాని హారను విని మూడు వీధుల అవతల గోడ గడియారాలు టైము సరిచేసుకునేవి. ఇంటి ముందు నిటారు ఎత్తుని అది రెండో గేరులో, ఆయన ఒక్క ఊపిరిలో ఎక్కేస్తుంటే పైన మబ్బులు పక్కకి తప్పుకునేవి.

అలాంటి ఇంజన్ని కొడుకు చెంబుడు నీళ్లతో చంపాడు. ఎత్తు మీద కారు మరిగిపోతుంటే చల్లారేదాకా ఆగకుండా కుళాయి నీళ్లు గుమ్మరించాడు. ఇనుప దిమ్మ ఠప్పున పగిలింది. ఇంట్లో ఆయన గుండె పట్టుకుని పడిపోయాడు.

ఇద్దర్నీ కలిపే ఎత్తు కింద కారు మేస్త్రీ షెడ్డుకి దించారు. ఆయన బల్ల మీద, ఇంజను నేల మీద. కొడుకూ మేస్త్రీ కలిసి, బాగుచేయడం దండగ, కొత్తది వేయడమే మేలని తేల్చేస్తుంటే ఆవిడకి ఒళ్లు మండింది.

"పగలగొట్టిందీ నువ్వే, తీర్పు చెప్పేదీ నువ్వేనట్రా?"

"కొత్తదైతే నాన్న పరిగెత్తుతాడమ్మా."

ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది. "చివరి వీధి కంపౌండరూ ఈయనలాగే కారుతో ముడిపడ్డవాడు. దానికి కొత్త ఇంజను వేశావు కదా. ఎలా ఉన్నాడు?"

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ నసిగాడు. "బాగానే ఉన్నాడు పిన్నిగారూ. పొద్దున్నే మైదానం చుట్టూ ఉరుకుతున్నాడు."

"మరి పెళ్లాన్ని గుర్తుపడుతున్నాడా?"

"మీరెవరండీ అంటున్నాడు. మర్యాదగానే."

"ఆ మర్యాద నాకొద్దు. కుట్టు."

కుట్టడమంటే పగులు పొడవునా చిల్లులు తొలిచి, ఒకదాన్నొకటి కరుచుకునేలా ఇనుప మరలు బిగించడం. బతుకుతుంది గానీ ఇక ఎత్తెక్కదని, ఈయనా ఎక్కలేడని మేస్త్రీ ముందే చెప్పేశాడు. కొడుకు మళ్లీ నోరెత్తబోతే ఆవిడ చూసిన చూపుకి షెడ్డులో వదులుగా ఉన్న బోల్టులన్నీ వాటంతటవే బిగుసుకున్నాయి.

మర దిగినప్పుడల్లా బల్ల మీద ఆయన పళ్లు కొరికాడు. చివరికి తాళం తిప్పారు. ఇంజను ఉక్కిరిబిక్కిరై, ఆగి, ఊపిరందుకుంది. ఆయన కళ్లు తెరిచి ఆవిడని ఎగాదిగా చూశాడు. మీరెవరండీ అంటాడేమోనని ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆ మోకాలు మళ్లీ వాచింది, చూసుకోలేదూ? నిలబడ్డావేం, కూర్చో," అని విసుక్కుంటూ బల్ల మీద జరిగాడు.

ఆవిడ కూర్చుంది.

ఆ వారమే ఎత్తు మీది ఇల్లు ఖాళీ చేసి, షెడ్డు ఎదుట చదును వీధిలో గది తీసుకున్నారు. సామానంతా కొడుకు చేతే మోయించింది. ఇనుప బీరువా దింపుతుంటే దారిన పోయేవాళ్లెవరో చెయ్యి వేయబోయారు. ఆవిడ వద్దంది.